పదో తరగతి తరువాత మా పిల్లలు ఎటు పోతున్నారో లెక్క చెప్పండి: విద్యా, శిక్షణ శాఖల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పాఠశాల విద్యాశాఖ, ఇంటర్మీడియట్ బోర్డు, సాంకేతిక విద్యాశాఖ, ఉపాధి కల్పన - శిక్షణ శాఖల ఉన్నతాధికారులకు, ఉమ్మడి వరంగల్ పరిధిలోని జిల్లాల కలెక్టర్లకు నమస్కారములు.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో గణితం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. హనుమకొండ, వరంగల్, ములుగు, మహబూబాబాద్ జిల్లాలకు చెందిన కొందరు తల్లిదండ్రుల తరఫున, నాతో పనిచేసిన కొందరు ఉపాధ్యాయుల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. ఇందులోని విషయాన్నే ఇంతకుముందు అర్జీగా రాసి ప్రజావాణిలో ఇచ్చాము. రసీదు ఇచ్చి, అర్జీని సంబంధిత శాఖకు పంపుతామన్నారు. ఆ శాఖ కార్యాలయానికి వెళ్లి అడిగితే ఇది తమ పరిధిలోకి రాదని, మరో శాఖను అడగమని చెప్పారు. ఆ రెండో శాఖ నుంచి ఇప్పటివరకూ ఒక్క ముక్క జవాబు రాలేదు. అందుకే అందరికీ కలిపి, అందరూ చదివేలా రాయవలసి వచ్చింది.

మా అర్జీలో అడిగింది ఒక్కటే. పదో తరగతి గడప దాటిన పిల్లలు ఆ తరువాత ఏ కోర్సులో చేరారో, ఎక్కడ ఆగిపోయారో, ఎందుకు ఆగిపోయారో తెలుసుకుని, వారికి దారి చూపే బాధ్యతను ఏదో ఒక కార్యాలయం తీసుకోవాలి. ఈ రోజు ఆ బాధ్యత ఎవరిదీ కాదు.

పది ఫలితాలు వచ్చిన రోజున ప్రతి జిల్లాలోనూ ఉత్తీర్ణత శాతం ప్రకటిస్తారు. 2025లో రాష్ట్రం మొత్తం మీద అది 92.78 శాతం. ముందు వరుసలో నిలిచిన జిల్లాలను అభినందిస్తారు, వెనుకబడిన జిల్లాల అధికారులను వివరణ అడుగుతారు. ఆ శాతం కోసం మేము ఉపాధ్యాయులం సాయంత్రం ప్రత్యేక తరగతులు తీసుకున్నాము, పొద్దున్నే పిల్లల ఇళ్ల తలుపులు తట్టి నిద్ర లేపినవాళ్లమూ ఉన్నాము. ఆ శ్రమ వృథా అని నేను అనడం లేదు. కానీ మెమో, టీసీ చేతికి ఇచ్చిన మరుక్షణం నుంచి ఆ పిల్లవాడి గురించి బడిని అడిగేవారు లేరు, బడి చెప్పవలసిన లెక్కా లేదు.

ఆ తరువాత ఏమవుతుందో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2024లో పదో తరగతిలో 91.31 శాతం మంది ఉత్తీర్ణులయ్యారు. ఆ బ్యాచ్‌లో ఇంటర్‌లో చేరినవారు 2025 మార్చిలో మొదటి సంవత్సరం పరీక్షలు రాశారు. ఆ ఏడాది ఇంటర్ మొదటి సంవత్సరం ఉత్తీర్ణత 66.89 శాతం. అంటే, ఏడాది కిందట పది గట్టెక్కిన పిల్లల్లో, ఇంటర్‌లో కూర్చున్నవారిని తీసుకుంటే, ముగ్గురిలో ఒకరు మొదటి మెట్టు మీదే తప్పారు. సప్లిమెంటరీలో కొందరు నిలదొక్కుకుంటారు, నిజమే. మిగిలినవారు ఏమయ్యారన్న ప్రశ్నకు ఏ కార్యాలయంలోనూ జవాబు దొరకదు. బడిలో ఆ పేర్లు ఎప్పుడో కొట్టివేశారు, కళాశాలలో ఫీజు బాకీల పుస్తకంలో తప్ప మరెక్కడా కనిపించవు.

పది పాసైనవారికి దారులు లేవని మేము అనడం లేదు. ఉన్న దారులు చాలామంది తల్లిదండ్రులు ఊహించిన దానికంటే ఎక్కువే. ప్రభుత్వ ఐటీఐలలో, అంటే పారిశ్రామిక శిక్షణ సంస్థల్లో, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి రెండేళ్ల ట్రేడ్లు (వృత్తి శిక్షణ కోర్సులు) ఉన్నాయి, వెల్డర్ వంటి ఏడాది ట్రేడ్లు ఉన్నాయి. వెల్డర్, వైర్‌మన్ వంటి కొన్నింటికి ఎనిమిదో తరగతి అర్హత చాలు కనుక పది తప్పిన పిల్లలకు కూడా అక్కడ చోటు ఉంది. పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరే మూడేళ్ల డిప్లొమా పాలిటెక్నిక్‌లో ఉంది. అదే పాలిసెట్ ర్యాంకుతో వ్యవసాయం, ఉద్యాన, పశుసంవర్ధక డిప్లొమాలలో చేరవచ్చు. పది మార్కుల ఆధారంగా సీటు ఇచ్చే బాసర సాంకేతిక విశ్వవిద్యాలయం ఆర్‌జీయూకేటీ 2008 నుంచి మన ఉత్తర తెలంగాణలోనే ఉంది. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీలే కాక ఒకేషనల్ కోర్సులు ఉన్నాయి, అవి చదివినవారు బ్రిడ్జి కోర్సు పూర్తిచేస్తే పై చదువులకు వెళ్లవచ్చు. ఐటీఐలో చేరితే చదువు అక్కడితో ముగిసినట్టేనన్న భయం మా ఊళ్లలో బలంగా ఉంది. అది నిజం కాదు. ఐటీఐ మంచి మార్కులతో పూర్తిచేసిన విద్యార్థి ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి డిప్లొమా రెండో సంవత్సరంలో చేరవచ్చు, డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే మరో ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. హనుమకొండలోనే ప్రధాన కార్యాలయం ఉన్న మన ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థలో జూనియర్ లైన్‌మన్ కావాలంటే పదో తరగతితో పాటు ఎలక్ట్రికల్ ట్రేడ్‌లో ఐటీఐ గాని, ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ గాని ఉండాలి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు పదితో పాటు నిర్ణీత ట్రేడ్లలో ఐటీఐ ఉన్నవారు అర్హులు. కాజీపేట పక్కన పుట్టి పెరిగిన పిల్లల్లో ఎందరికి ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటారు?

చెప్పకపోవడానికి కారణం ఉంది. ఐటీఐలు ఒక శాఖ కింద, పాలిటెక్నిక్‌లు మరో శాఖ కింద, ఇంటర్ ఒక బోర్డు కింద, వ్యవసాయ డిప్లొమా విశ్వవిద్యాలయం కింద, ఓపెన్ స్కూల్ ఇంకో సొసైటీ కింద, స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు బ్యాంకుల ఆధ్వర్యంలో, సంస్థల్లో పనిచేస్తూ నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఉన్నాయి. ఎవరి ప్రకటన వారిది, ఎవరి వెబ్‌సైటు వారిది, ఎవరి గడువు వారిది. పాలిసెట్ దరఖాస్తుల గడువు సరిగ్గా పది పరీక్షల హడావుడిలోనే నడుస్తుంది. పరీక్ష మే నెలలో జరుగుతుంది. ఫలితాలు చూసుకున్నాక నిర్ణయించుకుందామని ఆగిన కుటుంబానికి అప్పటికే ఆ తలుపు దాదాపు మూసుకుపోయి ఉంటుంది. జూన్‌లో ఇంటర్ తరగతులు మొదలవుతాయి. ఐటీఐ విడతలు ఆ తరువాత కూడా నడుస్తూనే ఉంటాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం మీసేవ కేంద్రం చుట్టూ తిరుగుతున్న కూలీ తల్లిదండ్రులు ఇన్ని తేదీలను ఎలా గుర్తుపెట్టుకుంటారు?

ఈ ఖాళీలోకి వచ్చేది ప్రైవేటు జూనియర్ కళాశాలలకు పిల్లల్ని చేర్పించే పీఆర్‌వోలు. పది పరీక్షలకు ఎంతో ముందే వారు ఊళ్లోకి వస్తారు, పిల్లల ఫోన్ నంబర్లు సేకరిస్తారు, ఇంటికి వచ్చి కూర్చుని మాట్లాడతారు. ప్రకటనకు ముందే ప్రవేశాలు జరపరాదన్న బోర్డు ఆదేశం ప్రతి ఏటా వెలువడుతుంది, ప్రతి ఏటా ఉల్లంఘనకు గురవుతుంది. పదహారేళ్ల బిడ్డ చదువు గురించి ఆ ఇంటి వసారాలో కూర్చుని మాట్లాడిన ఏకైక వ్యక్తి ప్రవేశానికింతని కమీషన్ తీసుకునే మనిషి కావడం మనందరికీ బాధ కలిగించవలసిన విషయం. అతను ఐటీఐ గురించి చెప్పడు, పాలిసెట్ గురించి చెప్పడు. గణితంలో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పిల్లవాణ్ని ఎంపీసీలో చేర్చి, బస్సు సౌకర్యం ఉందని, మొదటి విడత ఫీజు ఇంతేనని చెప్పి, ఒరిజినల్ మెమో, టీసీ తీసుకుని వెళ్తాడు.

దీని ఫలితం ఎవరి మీద పడుతోందో అంశాల వారీగా మీ దృష్టికి తెస్తున్నాను.

1. ఇంటర్ మొదటి ఏడాది తప్పిన మగపిల్లలు. మహబూబాబాద్ జిల్లాలోని ఒక తండాకు చెందిన విద్యార్థి విషయం చెబుతాను. చేతిపని మీద అతనికి అమితమైన ఆసక్తి. బడిలో ఫ్యాన్ ఆగిపోయినా, నీళ్ల మోటారు మొరాయించినా మేము అతన్నే పిలిచేవాళ్లం. అతని తండ్రి అప్పు చేసి హనుమకొండలో ఎంపీసీలో చేర్చాడు. మొదటి సంవత్సరం మూడు సబ్జెక్టులు తప్పాడు. సప్లిమెంటరీ తరువాత ఐటీఐలో చేరదామనుకునేసరికి ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాలలో ఉన్నాయి, అవి కావాలంటే రెండో సంవత్సరం ఫీజు కూడా కట్టాలన్నారు. ఇప్పుడు అతను హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్తున్నాడు. ఆ పని తక్కువదని కాదు. ఎలక్ట్రీషియన్ కావలసినవాడు, రెండేళ్ల శిక్షణతో కావడానికి వీలున్నవాడు, రోజుకూలీగా మిగిలాడు. ఇలాంటి పిల్లలు మా ప్రతి మండలంలోనూ ఉన్నారు. కొందరు మెకానిక్ షెడ్లలో జీతం లేకుండా పని నేర్చుకుంటున్నారు, ఏళ్లు గడిచినా వారి చేతిలో ఏ ధ్రువపత్రమూ ఉండదు.

2. ఆడపిల్లలు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. అది మా ఆడపిల్లలకు ఎంతో మేలు చేసింది. అయితే సాయంత్రం వర్క్‌షాప్ తరగతి ముగిసే వేళకు ఊరికి వెళ్లే బస్సు లేకపోతే, టికెట్ ఉచితమైనా ప్రయాణం లేనట్టే. ములుగు, ఏటూరునాగారం వైపు గూడేల నుంచి వచ్చే అమ్మాయికి వసతిగృహం లేకుండా పట్టణంలో ఐటీఐ చదవడం సాధ్యం కాదు. మా ప్రాంతంలో పోస్ట్‌మెట్రిక్ హాస్టళ్లు ఇంటర్, డిగ్రీ విద్యార్థులతో ముందే నిండిపోతున్నాయి. ఐటీఐ చివరి విడతలో సీటు వచ్చిన అమ్మాయి అడిగేసరికి ఖాళీ ఉండదు. అప్పుడు ఆమె ఇంట్లో ఉండిపోతుంది. మిర్చి ఏరడానికో పత్తి ఏరడానికో తల్లితో వెళ్తుంది, ఏడాది తిరిగేలోగా పెళ్లి మాటలు మొదలవుతాయి. చదువుతున్న పిల్ల పెళ్లిని ఆపమని అడగడానికి మాకు నోరు వస్తుంది. చదువు ఆగిపోయిన పిల్ల విషయంలో, పద్దెనిమిదేళ్లు నిండలేదన్న చట్టం మాట తప్ప మా దగ్గర మరో వాదన ఉండదు.

3. పది తప్పినవారు. 2025లో వంద మందిలో ఏడుగురు. రాష్ట్రమంతటా ఏటా సుమారు అయిదు లక్షల మంది ఈ పరీక్ష రాస్తారు కనుక, ఈ ఏడుగురంటే వేల కుటుంబాలు. ఎనిమిదో తరగతి అర్హతతో చేరగల ట్రేడ్లు ఉన్నాయని, ఓపెన్ స్కూల్ ద్వారా పది పూర్తి చేయవచ్చని వారికి చెప్పేవారు లేరు.

4. గల్ఫ్ బాట పట్టేవారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా యువకులు గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. ఇప్పుడు మా వైపు నుంచి కూడా వెళ్తున్నారు. హెల్పర్ వీసా మీద వెళ్లినవాడికీ, వెల్డర్‌గానో ఎలక్ట్రీషియన్‌గానో సర్టిఫికెట్‌తో వెళ్లినవాడికీ జీతంలో ఉండే తేడా ఆ కుటుంబాలను అడిగితే తెలుస్తుంది. విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఒకటి ఉందన్న సంగతి మా ఊళ్లలో ఏజెంట్ల పేర్లు తెలిసినంతగా తెలియదు.

5. డిప్లొమాలో చేరి మధ్యలో ఇరుక్కున్నవారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్య ఉన్న లెక్క. అయితే కోర్సు పూర్తయిన విద్యార్థి సర్టిఫికెట్ అడగడానికి వెళ్తే, ప్రభుత్వం ఇవ్వలేదు కనుక నువ్వు కట్టి తీసుకుపొమ్మంటున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోరాదని అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) నిబంధనల్లో స్పష్టంగా ఉంది. అది అమలు చేయించవలసింది మీరు. అప్రెంటిస్ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చి, చూపించడానికి సర్టిఫికెట్ లేక వెనక్కి వచ్చిన కుర్రవాడి తండ్రి ఈ లేఖ వెనుక ఉన్నవారిలో ఒకరు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని రాయడం అన్యాయమవుతుంది. 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో 2,324 కోట్ల రూపాయల వ్యయంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని 2024 జూన్‌లో మొదలుపెట్టారు. రోబోటిక్స్, కంప్యూటర్ నియంత్రణతో నడిచే సీఎన్‌సీ మెషినింగ్, విద్యుత్ వాహనాల మరమ్మతు వంటి కోర్సులు అందులో ఉన్నాయి. 2024లోనే యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి చట్టం చేశారు. ఇవి మంచి పనులు, వీటిని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాము. అయితే కోట్ల రూపాయల యంత్రం ఎదుట నిలబడవలసిన పిల్లవాడికి ఆ యంత్రం తన జిల్లాలో ఉందన్న సంగతే తెలియకపోతే, లేదా దాని మీద నేర్పే బోధకుడి పోస్టు ఖాళీగా ఉంటే, ఆ ఖర్చు ఎవరికి చేరినట్టు? 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్యతో పరిచయం కలగాలని 2020 జాతీయ విద్యావిధానం లక్ష్యం పెట్టుకుంది. ఆ గడువు సంవత్సరం వచ్చినా, మా బడుల్లో పది చదివే పిల్లల్లో అత్యధికులు ఒక్కసారైనా వర్క్‌షాప్ లోపలికి అడుగు పెట్టలేదు.

మరో విషయం మీరు ప్రత్యేకంగా ఆలోచించవలసి ఉంది. వరంగల్ చుట్టూ పనులు వస్తున్నాయి. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది, 2023లో అది కేంద్రం చేపట్టిన జౌళి పార్కుల పథకం పీఎం మిత్రలోకి వచ్చింది. కాజీపేటలో రైల్వే తయారీ కేంద్రానికి 2023 జులైలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. భూపాలపల్లి నుంచి మంచిర్యాల దాకా సింగరేణి ఉంది, చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, రామగుండంలో ఎన్టీపీసీ, ఎరువుల కర్మాగారం ఉన్నాయి. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు ఈ నగరంలో తరతరాల కుటుంబాలకు అన్నం పెట్టింది. అది మూతపడ్డాక ఎన్ని ఇళ్లు చితికిపోయాయో ఇక్కడి పెద్దలకు తెలుసు. అందువల్ల కొత్త పరిశ్రమ వస్తుందంటే మేము ఆశగానూ, జాగ్రత్తగానూ చూస్తాము.

ఆ పరిశ్రమల్లో నైపుణ్యం కావలసిన పోస్టులకు బయటి నుంచి మనుషులు వచ్చి, భూములిచ్చిన ఊళ్ల పిల్లలు కాపలా పనికీ, ఊడ్చే పనికీ మిగిలితే ఆ తప్పు పిల్లలది కాదు. లెక్క వేసి చూడండి: ఈ జూన్‌లో ఫిట్టర్ ట్రేడ్‌లో చేరిన విద్యార్థికి రెండేళ్ల శిక్షణ, ఆపైన ఏడాది అప్రెంటిస్‌షిప్ కలిపి మూడేళ్లు పడుతుంది. అంటే మూడేళ్ల తరువాత కాజీపేటలోనో టెక్స్‌టైల్ పార్కులోనో కావలసిన ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు ఈ రోజు పదో తరగతి బెంచీల మీద ఉన్నారు. వారిని ఇప్పుడు పోగొట్టుకుంటే అప్పుడు వెతికి ప్రయోజనం లేదు. టెక్స్‌టైల్ పార్కు విషయంలో నా అభిప్రాయం ఇంకొకటి కూడా చెప్పాలి. ఆడపిల్లలకు శిక్షణ అనగానే కొద్ది వారాల కుట్టు శిక్షణతో సరిపెట్టడం పరిపాటి అయింది. యంత్రాల నిర్వహణ, నాణ్యత తనిఖీ, ప్యాటర్న్ తయారీ, సూపర్‌వైజర్ పనులు కూడా వారికి నేర్పాలి. ఇరవై ఏళ్లకు కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మాయి నలభై ఏళ్లకూ అదే మిషను ముందు, అదే జీతంతో ఉండకూడదు.

అప్రెంటిస్‌షిప్ గురించి కూడా రెండు మాటలు. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం ప్రకారం, 30 లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బంది సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. 2019లో సవరించిన నిబంధనలు అర్హతను బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల కనీస స్టైపెండ్‌ను నిర్ణయించాయి. అందులో కొంత భాగాన్ని కేంద్ర ప్రభుత్వం భరించే పథకం కూడా ఉంది. మరి ఉమ్మడి వరంగల్‌లో 30 మందికి పైగా పనిచేసే ఆసుపత్రులు, వాహన షోరూములు, మిల్లులు, కార్ఖానాలు ఎన్ని? వాటిలో ఎన్ని ఈ చట్టాన్ని పాటిస్తున్నాయి? ఈ రెండు ప్రశ్నలూ మా అర్జీలో ఉన్నాయి.

పై కారణాల వల్ల మీ ముందు ఈ కింది డిమాండ్లు ఉంచుతున్నాము.

1. ప్రతి జిల్లాలో, పది తరువాతి ప్రవేశాలన్నిటికీ బాధ్యత వహించే ఒక అధికారిని కలెక్టర్ నియమించాలి. అన్ని శాఖల కోర్సులు, అర్హతలు, సీట్లు, ఫీజులు, దరఖాస్తు తేదీలు, అవసరమైన పత్రాలు ఒకే చోట తెలుగులో అచ్చువేసిన పుస్తకాన్ని జనవరి ముగిసేలోగా ప్రతి పదో తరగతి విద్యార్థికి ఇవ్వాలి. తండాలకు, గూడేలకు వెళ్లి చెప్పేటప్పుడు లంబాడీ, కోయ భాషల్లో మాట్లాడగల యువకులను వెంట తీసుకువెళ్లాలి.

2. పాలిసెట్ దరఖాస్తును, పది పరీక్షలు మొదలయ్యేలోగా, బడిలోనే పూర్తి చేయించాలి. ప్రభుత్వ పాఠశాల విద్యార్థుల దరఖాస్తు రుసుమును ప్రభుత్వమే భరించాలి. పాలిసెట్ ప్రశ్నలు పదో తరగతి పాఠాల నుంచే వస్తాయి కనుక, ఇందుకు అదనపు కోచింగ్ అవసరం లేదు, పది కోసం మేము పెట్టే ప్రత్యేక తరగతులే సరిపోతాయి. పరీక్ష రాసిన తరువాత చేరాలా వద్దా అన్నది కుటుంబం ఇష్టం. ఆ అవకాశం మాత్రం ఎవరికీ తేదీ తెలియక పోకూడదు.

3. తొమ్మిది, పది తరగతుల విద్యార్థులను ఏడాదికి ఒకసారైనా సమీపంలోని ఐటీఐకి, పాలిటెక్నిక్‌కు తీసుకువెళ్లి వర్క్‌షాపులు చూపించాలి. వీలైతే తల్లిదండ్రులను కూడా.

4. ఒరిజినల్ సర్టిఫికెట్లను ఏ కళాశాలా తన దగ్గర ఉంచుకోరాదని ఇంటర్మీడియట్ బోర్డు, సాంకేతిక విద్యాశాఖ తాజాగా ఉత్తర్వులు ఇచ్చి, ఫిర్యాదు అందిన వారం రోజుల్లో వాటిని తిరిగి ఇప్పించే ఏర్పాటు చేయాలి. ప్రకటనకు ముందే ప్రవేశాలు జరిపిన కళాశాలల గుర్తింపు విషయంలో బోర్డు తన నిబంధనలను తానే అమలు చేయాలి. పీఆర్‌వోలను పాఠశాల ఆవరణలోకి అనుమతించరాదు. రీయింబర్స్‌మెంట్ బకాయిలను, కనీసం చివరి సంవత్సరం పూర్తిచేసినవారివి, ముందుగా విడుదల చేయాలి.

5. ఇంటర్ సప్లిమెంటరీ ఫలితాలు వచ్చాకనే ఐటీఐ చివరి విడత జరపాలి. తప్పిన ప్రతి విద్యార్థి ఇంటికి ఫోను చేసి, ఉన్న దారులు చెప్పాలి. ఒక ఏడాది పోయిన పిల్లవాడికి రెండో ఏడాది కూడా పోకుండా చూడడానికి ఇంతకంటే తక్కువ ఖర్చుతో అయ్యే పని మాకు కనిపించడం లేదు.

6. ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థినులకు ఉమ్మడి జిల్లాలోని ప్రతి కొత్త జిల్లా కేంద్రంలోనూ వసతిగృహం ఉండాలి. అది కట్టేదాకా పోస్ట్‌మెట్రిక్ హాస్టళ్లలో వారికి కొన్ని చోట్లు విడిగా ఆపి ఉంచాలి. వర్క్‌షాప్ వేళలకు తగినట్టు సాయంత్రం బస్సు నడిపేందుకు ఆర్టీసీ డిపోలతో కలెక్టర్ మాట్లాడాలి.

7. ఐటీఐలలో ఖాళీగా ఉన్న బోధకుల పోస్టులు ట్రేడ్ వారీగా ప్రకటించి భర్తీ చేయాలి. కొత్త టెక్నాలజీ సెంటర్లలో పని నేర్పేవారు లేకుండా యంత్రాలు మూతవేసి ఉన్న చోటు ఒక్కటి కూడా ఉండకూడదు.

8. అప్రెంటిస్‌షిప్ చట్టం పరిధిలోకి వచ్చే సంస్థల జాబితాను, అవి తీసుకోవలసిన సంఖ్యను, తీసుకున్న సంఖ్యను జిల్లాల వారీగా ఏటా బయటపెట్టాలి. టెక్స్‌టైల్ పార్కులోనూ, కాజీపేట కేంద్రంలోనూ అవసరమయ్యే ట్రేడ్లను ముందుగా తెలుసుకుని, చుట్టుపక్కల ఐటీఐలలో ఆ సీట్లు పెంచాలి. భూమి కోల్పోయిన కుటుంబాల పిల్లలకు అందులో ప్రాధాన్యం ఇవ్వాలి.

9. ప్రతి ఉన్నత పాఠశాల నుంచి పది రాసిన విద్యార్థులు సెప్టెంబరు నెలాఖరుకు ఎక్కడ ఉన్నారో, ఇంటర్‌లో ఎందరు, ఐటీఐలో ఎందరు, పాలిటెక్నిక్‌లో ఎందరు, ఎక్కడా చేరనివారు ఎందరు అన్న లెక్కను పేర్లు లేకుండా బడి గోడ మీద, జిల్లా వెబ్‌సైటులో ఉంచాలి. విద్యార్థుల వివరాలు పాఠశాలల సమాచార వ్యవస్థ యూడైస్‌లో ఇప్పటికే ఉన్నాయి, వాటిని ఐటీఐ, పాలిటెక్నిక్ ప్రవేశాల జాబితాలతో కలిపి చూడడమే మిగిలింది. మా తొమ్మిది డిమాండ్లలో ముందుగా దీన్నే అమలు చేయమని కోరుతున్నాము. ఉత్తీర్ణత శాతం గురించి జిల్లా అధికారులను ఎలా సమీక్షిస్తున్నారో, ఎక్కడా చేరని పిల్లల సంఖ్య గురించి కూడా అలాగే సమీక్షించిన రోజున, మిగతా ఎనిమిదింటి అవసరం మీకు మేము చెప్పనవసరం లేకుండానే కనిపిస్తుంది.

ఈ డిమాండ్లలో చాలావాటికి కొత్త చట్టం గాని, పెద్ద బడ్జెట్ గాని అక్కరలేదు. వసతిగృహాలకు, బోధకుల నియామకాలకు డబ్బు కావాలి, అందుకు సమయం పడుతుందని మాకు తెలుసు. కానీ పుస్తకం అచ్చు వేయడానికి, తేదీలు కలపడానికి, సర్టిఫికెట్లు ఇప్పించడానికి, లెక్క బయటపెట్టడానికి ఈ విద్యాసంవత్సరమే సరిపోతుంది. మా వంతుగా, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులం కొందరం మండలాల వారీగా పాఠశాలలకు వెళ్లి దరఖాస్తులు నింపించడానికి, తల్లిదండ్రులతో మాట్లాడడానికి ఏ వేతనమూ లేకుండా సిద్ధంగా ఉన్నాము. ఇందుకు ప్రధానోపాధ్యాయులకు ఒక అనుమతి ఉత్తర్వు ఇస్తే చాలు.

రాబోయే పాలిసెట్ ప్రకటన వెలువడే లోపల మీ జవాబు కోరుతున్నాము. ఏ డిమాండు ఏ శాఖ బాధ్యతో, ఏ అధికారి దాన్ని చూస్తారో, ఎప్పటిలోగా అవుతుందో రాతపూర్వకంగా తెలియజేయండి. ఏదైనా కుదరకపోతే ఎందుకు కుదరదో కూడా అందులోనే రాయండి. ఆ జవాబు ప్రతిని మా గ్రామ పంచాయతీల నోటీసు బోర్డుల మీద పెడతాము.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు,
పదో తరగతి విద్యార్థుల తల్లిదండ్రుల తరఫున,
హనుమకొండ